సీనియర్లు వెళ్ళిపోయాక కూడా పాటల గ్రూపు నిలబడాలంటే ఏం చెయ్యాలి? (విజయనగరం)

కోనేటిగట్టు:
అందరికీ నమస్తే. నేను విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్. మా కాలేజీలో వాయిద్యాలేవీ లేకుండా ఒట్టి గొంతులతో పాడే గ్రూపు ఒకటి ఉంది, అకపెల్లా అంటారు కదా, అదే. సెకండియర్‌లో ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని పాడుకుంటూ మొదలుపెట్టాం. ఇప్పటికీ ప్రాక్టీసు మెట్ల దగ్గరే, ఎందుకంటే అక్కడ గొంతు గోడలకి తగిలి తిరిగొస్తుంది, నలుగురు పాడినా పదిమంది పాడినట్టుంటుంది. ఇప్పుడు అమ్మాయిలూ అబ్బాయిలూ కలిపి పదకొండు మందిమి. ఒకరు పాట ఎత్తుకుంటారు, కొందరు పక్క స్వరాలు పట్టుకుంటారు, ఒకడు కింద బేస్, ఇంకొకడు నోటితోనే డ్రమ్స్. కిందటేడు ఫెస్ట్‌లో స్టేజీ ఎక్కితే సౌండ్ సిస్టమ్ ఆయన "ట్రాక్ ఏదమ్మా, పెన్‌డ్రైవ్ ఇవ్వండి" అన్నాడు. ట్రాక్ లేదండీ, మేమే అన్నాం. పాట అయ్యాక ఆయనే దగ్గరికొచ్చి ఇంకోటి పాడమన్నాడు. ఆ రోజు నుంచి ఈ గ్రూపంటే నాకు ప్రాణం.

సమస్య ఏంటంటే పదకొండు మందిలో ఏడుగురం ఫైనలియరే. డిసెంబరు దాటితే ఇంటర్న్‌షిప్‌లకని తలా ఒక ఊరు పోతాం. మిగిలేది నలుగురు, అందులో బేస్ పాడేవాళ్ళు ఒక్కరూ లేరు. అమెరికాలో ఇలాంటి కాలేజీ గ్రూపులు వందేళ్ళ పైనుంచి నడుస్తున్నాయని చదివాను. ఏటా మనుషులు మారిపోతుంటే అది ఎలా సాధ్యం? అక్కడివాళ్ళ పద్ధతి తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఇంకో విషయం, మేం మొదలుపెట్టిన శ్రుతి పాట చివరికి ఉండట్లేదు, యాప్‌లో చూస్తే అర స్వరం దాకా దిగిపోతున్నాం. దీనికి కూడా దారి చెప్పండి.

నాగావళి_ఒడ్డు:
తమ్ముడూ, నీ పోస్టు చదువుతుంటే నా సంగతే చదివినట్టుంది. మాది శ్రీకాకుళం, 2016లో డిగ్రీ అయిపోయింది. సాయంత్రం ఏటి ఒడ్డున కూర్చుని పాడేవాళ్ళం, ఆరుగురం. ఏ పాటలో ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆగాలో అంతా నా బుర్రలోనే ఉండేది, కాగితం మీద ఒక్క ముక్క లేదు. నేను ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చేశాక జూనియర్లు ఫోన్ చేసి "అన్నా, రెండో చరణంలో కింద గొంతు ఏది పాడాలి" అని అడిగేవారు. బస్సులో నిలబడి ఫోన్లో పాడి వినిపించేవాణ్ణి. ఆ గోలలో వాళ్ళకి ఏం అర్థమవుతుంది? రెండు నెలలకి ఫోన్లు ఆగిపోయాయి, గ్రూపూ ఆగిపోయింది. ఇప్పటికీ ఆ విషయం తలుచుకుంటే బాధే.

నువ్వు ఈ వారమే కూర్చుని ప్రతి గొంతునీ విడివిడిగా రికార్డు చెయ్యి. అందరూ కలిసి పాడింది ఒక్కటే దాచుకుంటే కొత్తవాళ్ళకి పనికిరాదు, అందులో బేస్ ఏదో పక్క స్వరం ఏదో వాళ్ళు విడదీసుకోలేరు. వీలైతే సరిగమల్లో రాసి పెట్టండి. అది ఒక్కరి ఫోన్లో కాదు, నలుగురి దగ్గర ఉండాలి.

ఊరుదాటినవాడు:
నేను పుట్టి పెరిగింది విజయనగరం కోట దగ్గరే, ఇప్పుడు అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఉంటున్నాను. నువ్వు చదివింది బహుశా యేల్ యూనివర్సిటీ విఫెన్‌పూఫ్స్ గురించి అయ్యుంటుంది. 1909లో మొదలైన గ్రూపు అది, అమెరికాలో కాలేజీ అకపెల్లా గ్రూపుల్లో అన్నిటికన్నా పాతది. పద్నాలుగు మంది ఉంటారు, ఏడాది పాడి ఆ పద్నాలుగు మందీ ఒకేసారి దిగిపోతారు, మళ్ళీ కొత్తగా పద్నాలుగు మంది. అంటే నీకు ఏడుగురు పోతున్నారని టెన్షన్, వాళ్ళకి ఏటా గ్రూపు మొత్తం ఖాళీ!

అయినా ఎందుకు నిలిచిందంటే, నాకు అర్థమైనంతలో, వాళ్ళు ఖాళీ అయ్యాక వెతుక్కోరు. ఉన్న జట్టే, తాము ఇంకా పాడుతుండగానే, జూనియర్లని పిలిచి పాడించి తర్వాతి జట్టుని ఎంచుతుంది. ఆ వచ్చేవాళ్ళు కూడా పచ్చి కొత్తవాళ్ళు కారు. అదే యూనివర్సిటీలో కింది తరగతుల వాళ్ళకి వేరే గ్రూపులున్నాయి, స్పిజ్‌వింక్స్ అనేది 1914 నుంచి ఉంది. మొదటి ఏడాదిలో అలాంటి గ్రూపులో చేరి, రెండు మూడేళ్ళు పక్కవాడి గొంతు వింటూ పాడటం నేర్చుకున్నాక చాలామంది పెద్ద గ్రూపుకి వస్తారు. పై గ్రూపు వయసు ఒక్క ఏడాదే, కానీ దాని కింద మూడేళ్ళ నారుమడి ఉంది. మీకు లేనిది అదే అనిపిస్తోంది.

పాటలు నడిపించేది కూడా విద్యార్థే, లెక్చరర్ కాదు. అతన్ని పిచ్‌పైప్ అంటారు, పాటకి ముందు శ్రుతి ఇచ్చే చిన్న పీక పేరే ఆ పదవికి పెట్టారు. యేల్ ఉన్న ఊళ్ళో మోరీస్ అనే పాత క్లబ్బుంది, అక్కడ వారం వారం బల్లల మధ్య తిరుగుతూ పాడటం వాళ్ళ ఆనవాయితీ. ఒక చోటు, ఒక రోజు కుదిరితే మనుషులు మారినా వినేవాళ్ళు మారరు. అలాగని అన్నీ పాతవే పట్టుకు వేలాడలేదు. శతాబ్దం పైన మగవాళ్ళే పాడిన ఆ గ్రూపులోకి 2018లో మొదటిసారి ఒక అమ్మాయిని తీసుకున్నారు. అది ఎంత ముందే జరగాల్సిందో!

మనవాళ్ళ సంగతీ ఒకటి చెప్పాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పెన్ మసాలా అని 1996లో మన దక్షిణాసియా పిల్లలు పెట్టిన గ్రూపు ఉంది, హిందీ పాటలూ ఇంగ్లీషు పాటలూ కలిపి పాడతారు. 2009లో దీపావళికి వైట్‌హౌస్‌లో పాడారు. అది కూడా బ్యాచ్ మీద బ్యాచ్ మారుతూనే నడుస్తోంది.

తంబుర_పక్కన:
బాబూ, నేను విజయనగరంలోనే పాతికేళ్ళుగా సంగీతం చెబుతున్నాను. మీ శ్రుతి గురించి చెబుతాను.

అవరోహణలో దిగేటప్పుడు ప్రతి స్వరం కాస్త ఎక్కువ దిగుతుంది, చరణం చివర ఊపిరి అయిపోయి గొంతు వాలుతుంది, ఒకరు వాలితే పక్కవాళ్ళు తెలియకుండానే వాళ్ళతో సర్దుకుంటారు. హార్మోనియం ఉంటే వెంటనే దొరికిపోతుంది, అది లేదు కనక ఎవరికీ తెలియదు. తంబుర యాప్ సన్నగా పెట్టుకుని పాడండి. పాట మధ్యలో ఒకరు దాన్ని ఆపెయ్యాలి, చివర మళ్ళీ పెట్టాలి. ఎంత జారారో చెవికే తెలుస్తుంది. మెట్ల దగ్గర మాత్రమే కాదు, గొంతు తిరిగిరాని ఆరుబయట కూడా సాధన చెయ్యండి, మెట్ల దగ్గర తప్పులు దాక్కుంటాయి.

ఇంకొకటి, మన చెవి చిన్నప్పటి నుంచి అందరూ ఒకే స్వరం పాడటానికి అలవాటు పడింది. పక్క స్వరం పట్టుకున్న పిల్ల రెండు నిమిషాల్లో అది వదిలేసి, పాట ఎత్తుకున్నవాళ్ళ స్వరంలోకి జారిపోతుంది. అందుకని పాట వద్దు, ముందు ఒకరు సా, ఒకరు పా పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపు నిలబడండి. తర్వాత గా కలపండి. పదిరోజులు ఇదే. మగపిల్లలకి ఒకటి, ఒకటిన్నర శ్రుతి, ఆడపిల్లలకి అంతకన్నా పైన ఐదు, ఐదున్నర హాయిగా ఉంటుంది, ఇద్దరూ ఒకే వరస పాడితే ఎవరో ఒకరి గొంతు నలుగుతుంది. పాట ఆడపిల్లల శ్రుతిలో ఎత్తుకుని, మగపిల్లలు కింది స్వరాలు తీసుకుంటే సరిపోతుంది. నోటితో డ్రమ్స్ కొట్టే అబ్బాయిని ఎవరైనా మృదంగం నేర్చుకునేవాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి, జతులు, అంటే తాళం పలుకులు, నోటితో చెప్పడం మనకెప్పటి నుంచో ఉన్న విద్యే.

అమెరికా గ్రూపు 1909 అన్నారు కదా, మన ఊరి సంగీత కళాశాల 1919ది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పింది అక్కడే, ఘంటసాల గారు పాట నేర్చుకున్నది ఈ ఊళ్ళోనే, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. ఆ నేర్చుకోవడం ఎలాగంటే, గురువు ముందు కూర్చుని పాడితే, తప్పు వచ్చిన చోట ఆయన మళ్ళీ పాడి వినిపిస్తారు, మళ్ళీ పాడాలి. రికార్డులు పెట్టుకోండి, మంచిదే, కానీ మీరు ఊళ్ళో ఉన్న ఈ నాలుగు నెలలూ జూనియర్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడించండి.

కోనేటిగట్టు:
మేడం, చాలా థాంక్స్ అండీ. అన్నలిద్దరికీ కూడా. సా పా మొదలుపెట్టాం, మొదటి రోజు నలభై సెకన్లకే నవ్వొచ్చి ఆపేశాం, నిన్న మూడు నిమిషాలు నిలబడ్డాం. ఆ మూడో నిమిషంలో రెండు గొంతులూ కలిసిపోయి ఎవరిది ఏదో తెలియలేదు, ఒళ్ళు ఝల్లుమంది.

రికార్డింగులు నాలుగు పాటలకి అయ్యాయి. ఫస్టియర్ అమ్మాయికి పాట ఎత్తుకునే పని అప్పజెప్పి, ఫైనలియర్ వాళ్ళం నోరు మూసుకుని మెట్ల కింద నిలబడ్డాం. మొదటిసారి గొంతు వణికింది, రెండోసారి సరిగ్గా ఎత్తుకుంది. శనివారం సాయంత్రం ఐదున్నరకి క్యాంటీన్ వెనక చెట్టు కింద ప్రతి వారం పాడాలని అనుకున్నాం, ఎవరు విన్నా వినకపోయినా. బేస్‌కి మాత్రం ఇంకా మనిషి దొరకలేదు. మెకానికల్ సెకండియర్‌లో ఒకడున్నాడట, హాజరు పలికితే క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుందట. రేపు లంచ్‌లో వాడి క్లాసు దగ్గరికి వెళ్తున్నాం.