గేమ్స్ టేబుల్ పాత కంప్యూటర్లు: అడ్మిన్ పాస్‌వర్డ్ గోల

గేమ్స్ టేబుల్:
అందరికీ నమస్తే. మన సంఘం వార్షికోత్సవంలో పాత గేములు పెడదాం అనుకున్నాం కదా, సభ్యులు ఐదు కంప్యూటర్లు ఇచ్చారు, నిన్న రాత్రి కూర్చుని అన్నీ ఆన్ చేశా. ఆన్ అయితే అవుతున్నాయి గానీ ఎమ్యులేటర్ (వేరే మెషీన్ల పాత గేములు ఇందులో ఆడించే ప్రోగ్రామ్) వేద్దామని సెటప్ నొక్కడం ఆలస్యం, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కొట్టమంటున్నాయి. ఇచ్చినవాళ్ళని అడిగితే "అది తెరిచి పదేళ్ళయింది, ఎవరికి గుర్తుంటుంది" అంటున్నారు. ఒకటి విండోస్ ఎక్స్‌పీ, రెండు విండోస్ 7, ఒకటి స్నో లెపర్డ్ (మ్యాక్ పాత వెర్షన్) ఉన్న మ్యాక్, ఇంకోటి ఎవరిదో ఆఫీసు ల్యాప్‌టాప్. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, నాకైతే విసుగొచ్చేసింది.

సౌండ్ టీమ్:
అన్నా, పాస్‌వర్డ్ వెతికే ముందు అసలు అది కావాలో వద్దో చూడు. సెటప్ ఫైలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయాలని చూస్తుంది, మామూలు అకౌంట్‌కి అక్కడ రాసే హక్కు ఉండదు, అడిగేది అందుకే, ఎమ్యులేటర్ నడవడానికి కాదు. రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ జిప్‌గా కూడా దొరుకుతుంది, ఆ విండోస్‌కి సరిపోయే 32 బిట్‌దో 64 బిట్‌దో చూసుకుని డాక్యుమెంట్స్‌లో విప్పేసి డైరెక్టుగా నడుపు. పాత డాస్ గేములు నడిపే డాస్‌బాక్స్ అయితే ఒక దాంట్లో ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకెళ్ళి ఇంకో దాంట్లో పడేసినా నడుస్తుంది, నేను చాలాసార్లు చేశా. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) మాత్రం ఇలా కుదరదు, అది డ్రైవర్లు వేస్తుంది కాబట్టి అడ్మిన్ తప్పదు, పైగా 32 బిట్ విండోస్‌లో అయితే 5.2 వెర్షన్ దాకానే, మన పనికి అదొద్దులే.

గేమ్స్ టేబుల్:
జిప్ ఐడియా అదిరింది తమ్ముడూ, ఒక విండోస్ 7 లో రెట్రోఆర్చ్ వెంటనే లేచింది! రెండోదాంట్లో వేరే ఎమ్యులేటర్ వేసి చూశా, డీ3డీఎక్స్9_43 డీఎల్ఎల్ అనే ఫైలు లేదంటోంది.

సౌండ్ టీమ్:
అది డైరెక్ట్‌ఎక్స్ (విండోస్‌లో గేముల బొమ్మలు, సౌండ్ నడిపే భాగం) జూన్ 2010 ప్యాకేజీలో వచ్చే ఫైలు, ఆ ప్యాకేజీ వేయాలంటే మళ్ళీ అడ్మినే కావాలి. ఒక్క డీఎల్ఎల్ కదా అని ఊరూ పేరూ లేని సైట్లో దించకు, దాంతోపాటు ఏమొస్తుందో చెప్పలేం. అందులో కూడా రెట్రోఆర్చ్ జిప్పే పెట్టెయ్.

గేమ్స్ టేబుల్:
సరే. దానిదే ఇంకో తమాషా వినండి. ఇచ్చినాయన పాస్‌వర్డ్ గుర్తొచ్చిందని ఫోన్ చేసి ఒక్కో అక్షరం చెప్పాడు, నేను మూడుసార్లు కొట్టినా తప్పే అంటోంది, ఆయనకి కోపం, నాకు నీరసం. చివరికి నోట్‌ప్యాడ్ తెరిచి అదే టైప్ చేసి చూస్తే @ నొక్కినచోట డబుల్ కోట్ పడుతోంది! కీబోర్డేమో యూకేది, విండోస్‌లో లేఅవుట్ యూఎస్‌ది, ఆ రెండు గుర్తులూ తారుమారు. కోట్ బొమ్మ ఉన్న కీ నొక్కితే @ పడింది, లోపలికెళ్ళిపోయా. మనలో ఒక్కొక్కరం ఒక్కో దేశంలో కొన్న కీబోర్డులు మోసుకొచ్చినవాళ్ళమే కాబట్టి ముందు ఇది చూసుకోండి. చిన్న ల్యాప్‌టాపుల్లో నమ్‌లాక్ పడి ఉంటే జే, కే, ఎల్ నొక్కినా 1, 2, 3 పడతాయి, అది ఇంకో తలనొప్పి.

సౌండ్ టీమ్:
ఎక్స్‌పీ సంగతి. ఆన్ చేయగానే ఎఫ్8 కొడుతూ సేఫ్ మోడ్‌లోకి వెళ్తే అడ్మినిస్ట్రేటర్ అని ఇంకో అకౌంట్ కనిపిస్తుంది, చాలామంది దానికి పాస్‌వర్డే పెట్టరు, ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టు. కానీ మామూలు మోడ్‌లో "రన్ యాజ్" (వేరే అకౌంట్ పేరుతో నడపడం) నొక్కి అదే ఖాళీ పాస్‌వర్డ్ ఇస్తే ఒప్పుకోదు, పాస్‌వర్డ్ లేని అకౌంట్‌ని లాగిన్ స్క్రీన్ దగ్గర తప్ప ఇంకెక్కడా వాడనివ్వదు, నేను దీనిమీద ఒక సాయంత్రం మొత్తం తగలేశా. ఇంకోటి, లోపలికెళ్ళాక ఓనర్ అకౌంట్ పాస్‌వర్డ్‌ని మాత్రం బలవంతంగా మార్చకు, వాళ్ళు ఎప్పుడైనా ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఇక తెరుచుకోవు. దానికి నెట్ కూడా ఇవ్వొద్దు, 2014 లోనే సపోర్ట్ ఆపేశారు.

సెక్రటరీ:
బాబూ మధ్యలో వస్తున్నా. మ్యాక్ మా ఇంటిదే, అందులో మాకు కావల్సినవేమీ లేవు, పాస్‌వర్డ్ మార్చేసుకోండి. ఆ ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతేంటి?

సౌండ్ టీమ్:
థాంక్స్ అక్కా. మ్యాక్‌కి స్నో లెపర్డ్ ఇన్‌స్టాల్ డీవీడీ ఉంటే పెట్టి సీ కీ నొక్కిపట్టి ఆన్ చేయాలి, పైన యుటిలిటీస్ మెనూలో రీసెట్ పాస్‌వర్డ్ ఉంటుంది. అక్కడ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ రూట్ అని ఉన్నది కాకుండా అక్క వాళ్ళ యూజర్ పేరే ఎంచుకోవాలి. పాస్‌వర్డ్ ఖాళీగా వదలకండి, టెర్మినల్లో సుడో (అడ్మిన్ హక్కుతో పని చేయించే కమాండ్) ఖాళీ పాస్‌వర్డ్ ఒప్పుకోదు. అక్కడ టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డ్ పోయిందని కంగారుపడొద్దు. తర్వాత కీచెయిన్ (మ్యాక్ పాస్‌వర్డులు దాచుకునే చోటు) పాత పాస్‌వర్డే అడుగుతుంటుంది, కొత్తది చేసుకుంటే సరి.

ఆఫీసు దాంట్లో పాస్‌వర్డ్ బాక్స్ కింద కంపెనీ డొమైన్ (ఆఫీసు నెట్‌వర్క్) పేరు కనిపిస్తోందా అన్నా?

గేమ్స్ టేబుల్:
కనిపిస్తోంది. బయోస్‌కి (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) కూడా పాస్‌వర్డ్ ఉంది.

సౌండ్ టీమ్:
అయితే దాన్ని ముట్టుకోవద్దు. అది ఇచ్చినాయనదే కాకపోవచ్చు, యూఎస్‌బీ నుంచి బూట్ చేసే కిటుకులు కూడా వద్దు, తిరిగిచ్చేయండి.

సెక్రటరీ:
నేనే ఫోన్ చేసి తీసుకెళ్ళమంటా. ఉచితంగా పంచుకోవచ్చని చెప్పిన గేములే పెట్టండి, తర్వాత కమిటీలో నేను జవాబు చెప్పుకోలేను.

గేమ్స్ టేబుల్:
అలాగే అక్కా, అన్నీ హోంబ్రూ (అభిమానులు సొంతంగా చేసిన) గేములే. ఇప్పటికి నాలుగు కంప్యూటర్లు ఖాయం, పిల్లలు కూర్చునేది మామూలు అకౌంట్లోనే. శనివారం పొద్దున హాలు తెరిచేవాళ్ళు గంట ముందు రండి. స్నో లెపర్డ్ డీవీడీ ఎవరి అటక మీదైనా ఉందేమో చూసి ఇక్కడ చెప్పండి, ఆ మ్యాక్‌లో డీవీడీ డ్రైవ్ ఇంకా తిరుగుతోందో లేదో నేను ఈ రాత్రి చూస్తా.