పూల్ ఆడేవాళ్లు పిసినారులా, గోల్ఫ్ వాళ్లు దుబారా మనుషులా?

మూల_పాకెట్: నిన్న మా పూల్ పార్లర్‌లో (టేబుల్ మీద కర్రతో బంతులు కొట్టే ఆట ఆడేచోట) చిన్న రభస. కొత్తగా క్యూకి, అదే బంతి కొట్టే కర్రకి, ముందు భాగంలో ఉండే కార్బన్ ఫైబర్ షాఫ్ట్ కొని అందరికీ చూపించి మురిసిపోతున్నవాడే, టేబుల్ గంట రేటు కాస్త పెంచారని ఓనర్‌తో పావుగంట గొడవపడ్డాడు. గోల్ఫ్ కూడా ఆడే ఒకాయన నవ్వి, 'మేం గ్రీన్ ఫీజు, అదే మైదానం రుసుము, కట్టందే కోర్సులో అడుగే పెట్టం, మీరేమో గంటకి బేరమాడతారు' అన్నాడు. నాకైతే రోషం వచ్చింది కానీ జవాబు దొరకలేదు.

బంకర్_బాబు: ఆయన అన్నదాంట్లో తప్పేముంది? రూల్ ప్రకారం బ్యాగులో 14 క్లబ్బులకి (గోల్ఫ్ కర్రలకి) మించకూడదు, ఆ 14 నిండేదాకా మాకు నిద్ర పట్టదు. దగ్గరి షాట్లకి వాడే వెడ్జ్ క్లబ్బు మీద గాడులు అరిగితే స్పిన్ తగ్గి బంతి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఆగదు, మళ్లీ కొనాల్సిందే. ఇక నీళ్లలో పోయిన బంతులంటారా, లెక్కేస్తే ఏడుపొస్తుందని అసలు లెక్కే వేయం. మీకేముంది బ్రదర్, ఒక క్యూ కొంటే ఏళ్ల తరబడి అదే.

చాక్_మరక: ఒక్క క్యూతో ఆగినవాణ్ణి చూపించండి, దండం పెడతా. ఆడటానికొకటి, ఆట మొదలుపెట్టే బ్రేక్ షాట్‌కి ఒకటి, అడ్డున్న బంతి మీంచి దూకించే జంప్ షాట్‌కి పొట్టిది ఇంకొకటి, వీటన్నిటికీ ఒక కేసు. నా సంగతే చెప్తా: క్యూ కొస జారకుండా రుద్దే చాక్ ఉందే, మామూలుది డబ్బాకి డబ్బా వచ్చే డబ్బుతో ఖరీదైనది ఒక్క ముక్క కొన్నా. షాట్ కొట్టగానే జేబులో వేసేసుకుంటా, టేబుల్ అంచు మీద పెడితే ఎవడో ఒకడు రుద్దేసుకుంటాడని. జేబు లోపలంతా నీలం, ఇంట్లో బట్టలు ఉతికే రోజు నాకు రోజూ ఉండేదానికంటే ఎక్కువ టెన్షన్.

షాఫ్ట్ కొన్నవాణ్ణి మాత్రం తప్పుపట్టను. దాని కొస తేలిగ్గా ఉంటుంది కాబట్టి బంతిని పక్కన తగిలించి సైడ్ స్పిన్ కొట్టినప్పుడు, క్యూతో కొట్టే తెల్లబంతి గీత తప్పడం తగ్గుతుంది. మరి మీ గోల్ఫ్‌లో దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ క్లబ్బు సంగతేంటి? తల సైజు 460 సీసీ దాటకూడదు, ముఖం ఎంత స్ప్రింగ్‌లా పనిచేయొచ్చో దానికీ హద్దుంది. ఇంక ఏటా కొత్తది కొంటే పెరిగేదేమిటి, అప్పు తప్ప?

బంకర్_బాబు: అది మాత్రం తగలాల్సిన చోటే తగిలింది 😄

స్లేట్_రాయి: గొడవ ఎవరు ఎక్కువ ఖర్చు పెడతారన్నది కాదండీ. పూల్ వాడు ఇంటికి తీసుకెళ్లగలిగేదానికి ఎంతైనా పెడతాడు, పార్లర్‌లోనే ఉండిపోయేదానికి పైసా రాల్చడు. గోల్ఫ్ వాడికి గడ్డి కోయడం, నీళ్లు పెట్టడం కళ్లెదుటే కనిపిస్తుంది, ఫీజు ఎందుకో అడగడు. మనకి టేబుల్ అంటే వట్టి బల్ల. క్లాత్ కింద ఉండే స్లేట్ రాయి లెవెల్ తప్పితే మెల్లగా కొట్టిన బంతి చివర్లో పక్కకి జారుతుంది, క్లాత్ అరిగితే బ్రేక్ కొట్టే చోట తెల్లగా మెరుస్తుంది, ఇవన్నీ సరిచేయించేది ఎవరు? నేను కొన్నాళ్లు ఒక పార్లర్ చూసుకున్నా. కొత్త క్లాత్ వేసిన మొదటి రోజే దాని మీద కూల్‌డ్రింక్ పెట్టినవాడి చేతిలో ఉన్న క్యూ, ఆ క్లాత్ కంటే ఖరీదైనది. తుడవమంటే నావైపు వింతగా చూశాడు.

మూల_పాకెట్: స్లేట్ గారూ, మీ పోస్టు మా షాఫ్ట్ వీరుడికి చదివి వినిపించా. అంతా విని, 'కరెక్టే అన్నా' అన్నాడు. గంట రేటు గొడవ మాత్రం ఇంకా తెగలేదు, ఈలోపు ఆ షాఫ్ట్‌కి తోలు కవర్ ఆర్డర్ పెట్టాడట.