జానీ క్యాష్ ‘లవ్, గాడ్, మర్డర్’: జీవితకాలపు పాటలను ఇతివృత్తాల వారీగా విడదీయడం సబబేనా?

పాతరికార్డు:
అమెరికన్ కంట్రీ గాయకుడు, గీతకర్త జానీ క్యాష్ తన పాటల్లోంచి తానే ఏరి, ప్రేమ, దేవుడు, హత్య అనే మూడు శీర్షికలతో 2000లో మూడు డిస్కులుగా వెలువరించిన సంకలనంపై నా అభ్యంతరం ఇది. మెంఫిస్‌లోని సన్ రికార్డు సంస్థలో 1955లో మొదలై, 1958 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు కొలంబియా రికార్డు సంస్థలో సాగి, 1994లో నిర్మాత రిక్ రూబిన్ దగ్గర మళ్లీ చిగురించిన గొంతు అది. ‘గాడ్’ డిస్కులో సన్ రోజుల ‘బెల్షాజర్’నూ, అరవై దాటాక ఒంటరి గిటారుతో పాడిన ‘రిడెంప్షన్’నూ ఒకే గాటన కట్టారు. ఈ రెంటి నడుమ ఆ మనిషి ఏమేం దాటి వచ్చాడో కొత్త శ్రోతకు ఎలా తెలుస్తుంది?

సుధ:
ఎవరో ఉద్యోగి పేర్చి ఉంటే మీతో ఏకీభవించేదాన్ని. ఇది ఆయన స్వయంగా చేసిన ఎంపిక కనుక, తన పాటలను వెనుదిరిగి ఎలా చూసుకున్నాడో చెప్పే సాక్ష్యంగానే దీన్ని తీసుకోవాలి. పైగా ‘లవ్’కు ముందుమాట రాసింది భార్య జూన్ కార్టర్, అందులో ఉన్న ‘రింగ్ ఆఫ్ ఫైర్’ పాట రచయితల్లో ఆమె ఒకరు. వరుస తేదీలు ఆ సంబంధాన్ని ఇంత సూటిగా చూపలేవు.

పాతరికార్డు:
సరే, మరి ‘మర్డర్’ సంగతేమిటండీ? ‘జేకబ్ గ్రీన్’ కథలో హంతకుడే లేడు. మాదకద్రవ్యం దొరికిందని జైల్లో వేస్తే, అక్కడి అవమానాలకు తాళలేక ఉరి వేసుకున్న కుర్రవాడి కథ అది. శీర్షిక కోసం పాటను ఇరికించినట్లు లేదూ?

రవిశంకర్:
నాకు ఆ డిస్కు మొత్తంలో అత్యంత విలువైన ఎంపిక అదే. జైళ్ల సంస్కరణ కోరుతూ 1972లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిచ్చిన మనిషి, అదే ఏడాది స్వీడన్‌లోని ఓస్టెరోకర్ జైల్లో ఖైదీల ఎదుట పాడిన పాట అది. దాన్ని ఆయనే ‘హత్య’ కింద చేర్చాడంటే, ఆ చావుకు జైలు వ్యవస్థదే బాధ్యత అన్నాడని నేను అర్థం చేసుకుంటున్నాను. కాలక్రమంలో పేర్చి ఉంటే అది 1973 ఆల్బమ్‌లోని ఒకానొక పాటగా మిగిలిపోయేది.

పాతరికార్డు:
జేకబ్ గ్రీన్ విషయంలో మీ మాట కాదనలేను, రవిశంకర్ గారూ. ‘బెల్షాజర్’ విషయంలో మాత్రం నా మనసు ఒప్పడం లేదు. ఆ మూడు డిస్కుల పాటలనూ సంవత్సరాల వారీగా ఫోన్‌లో మళ్లీ పేర్చుకున్నాను, అలాగే వింటున్నాను.