ఇఫ్ తర్వాత విల్ ఎందుకు వద్దు? ఇప్పటి సంగతికి పాస్ట్ ఎందుకు?

పాలపిట్ట22:
నమస్తే అండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత డిప్లొమా. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చేస్తున్నాను, రోజూ క్లయింట్లకి మెయిల్స్ పెట్టాలి. పోయిన వారం నా మెయిల్ ఒకటి మా లీడ్ అందరి ముందూ స్క్రీన్ మీద పెట్టి "ఇఫ్ యు విల్ సెండ్ ద ఫైల్ టుడే, ఐ విల్ ఫినిష్ బై ఈవెనింగ్" అన్న చోట మొదటి విల్‌ని ఎర్రగా మార్క్ చేశారు. తప్పన్నారు గానీ ఎందుకు తప్పో చెప్పలేదు. ఆ రోజు ఇంకో మెయిల్ రాయాలంటే చేతులు ఆడలేదు.

ఇంటికొచ్చి గ్రామర్ పుస్తకం తీశాను. ఇఫ్ వాక్యాల రకాలకి (కండిషనల్స్) జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని నాలుగు గడుల టేబుల్ ఉంది. మొత్తం బట్టీ పట్టాను, ఖాళీలు పూరించమంటే పూరిస్తాను, కానీ మాట్లాడేటప్పుడు ఇది సెకండా థర్డా అని ఆలోచించేలోపు అవతలివాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతున్నారు. నాకు అర్థం కానివి రెండే. ఇంకా పంపని ఫైలుకి విల్ ఎందుకు వద్దు? "ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ వుడ్ కాల్ హర్" అంటే నంబర్ తెలియనిది ఇప్పుడే కదా, మరి న్యూ అనే పాస్ట్ అక్కడికి ఎలా వచ్చింది? టేబుల్ వద్దండి, కారణం చెప్పండి.

పలకాబలపం:
అమ్మా, జిల్లా పరిషత్ హైస్కూల్లో 20 ఏళ్లకు పైగా ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఆ టేబుల్ నేనూ బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. పిల్లలకి మార్కులు వచ్చాయి, మాట మాత్రం రాలేదు. అందుకని మీరు టేబుల్ మూసేసి ఒకసారి తెలుగు వైపు నుంచి చూడండి.

"మీరు ఫైలు పంపితే సాయంత్రానికి పూర్తి చేస్తాను." ఇందులో 'పంపితే'కి కాలం ఉందా? పంపాను, పంపుతాను అన్నవాటికి ఉంది, పంపితేకి లేదు. బళ్లో చేదర్థకం అని చదువుకున్నామే, అదే ఇది. ఎప్పుడు అన్న సంగతంతా 'చేస్తాను' ఒక్కటే చూసుకుంటుంది. ఇంగ్లిష్ కూడా దాదాపు అంతే, రేపటి మాటకి విల్ రెండో సగంలో ఉంటే చాలు, ఇఫ్ వైపు మామూలు ప్రెజెంట్ వస్తుంది. "ఇఫ్ యు సెండ్ ద ఫైల్ టుడే, ఐ విల్ ఫినిష్ బై ఈవెనింగ్." మీరు చేసిన తప్పు తెలుగులో ఆలోచించడం వల్ల వచ్చింది కాదు. జరగబోయేది అనగానే విల్ పెట్టాలని మాలాంటి వాళ్లం నూరిపోశాం చూడండి, దానివల్ల వచ్చింది. వెన్, ఆఫ్టర్, అంటిల్ వచ్చినా ఇదే పద్ధతి: "వెన్ ఐ రీచ్ హోమ్, ఐ విల్ కాల్ యు."

రెండోది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఓపిగ్గా చదవండి. "ఆమె నంబర్ తెలిస్తే ఫోన్ చేసేదాన్ని." ఈ 'చేసేదాన్ని' దగ్గర ఆగండి. "చిన్నప్పుడు అమ్మమ్మకి రోజూ ఫోన్ చేసేదాన్ని" అన్నప్పుడూ అదే మాట. అమ్మమ్మకి నిజంగా చేశారు, అది గతం. ఈమెకి చెయ్యలేదు, చేసే వీలు కూడా లేదు. అంటే జరగనిదాన్ని చెప్పడానికి తెలుగు గతంలోని అలవాటు రూపాన్నే తెచ్చి వాడుకుంటోంది, మనకెవరూ నేర్పకుండానే రోజూ అంటున్నాం. ఇంగ్లిష్ వుడ్ కూడా అచ్చం ఇదే! "యాజ్ ఎ చైల్డ్, ఐ వుడ్ కాల్ మై గ్రాండ్‌మదర్ ఎవ్రీ డే" అంటే ఏమిటి? చేసేదాన్ని అనే. ఈ రెండు భాషలకీ చుట్టరికం లేదు, అయినా ఇక్కడ ఒకే దారి పట్టాయి. గడిచిపోయింది ఇప్పటికి దూరం, జరగనిది నిజానికి దూరం, ఆ దూరం చూపడానికే న్యూ వచ్చింది. మనం దాన్ని రెండో సగంలోనే చూపిస్తాం, ఇంగ్లిష్ రెండు చోట్లా చూపిస్తుంది.

చిక్కల్లా నిన్నటి మాట దగ్గర. "తెలిస్తే ఫోన్ చేసేదాన్ని" అని మనం ఇవాళ్టికీ అంటాం, నిన్నటికీ అంటాం, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. ఇంగ్లిష్‌లో విడదీయక తప్పదు. కాబట్టి నిన్నటి సంగతైతే ముందు మనసులో "తెలిసి ఉంటే చేసి ఉండేదాన్ని" అని సాగదీసి అనుకోండి. తెలిసి ఉంటే దగ్గర హ్యాడ్ నోన్, చేసి ఉండేదాన్ని దగ్గర వుడ్ హ్యావ్ కాల్డ్. సెకండా థర్డా అని లెక్కపెట్టే పని ఉండదు.

రాత్రిడ్యూటీ:
మాస్టారు చెప్పిన దూరం మెయిల్స్‌లో మర్యాదకి కూడా పనికొస్తుంది సిస్టర్. నేను కస్టమర్ సపోర్ట్‌లో ఆరేళ్లు చేశాను. "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ సెండ్ ద ఫైల్ టుడే" అంటే జరగని పని అని కాదు, అడగడంలో ఒక అడుగు వెనక్కి వేసి అడిగినట్టు, మనం "కాస్త పంపగలిగితే బాగుండేది" అంటామే అలా.

ఇంకోటి, ఇఫ్ తర్వాత విల్ ఎక్కడా రాదని మాత్రం అనుకోవద్దు. "ఇఫ్ యు విల్ హోల్డ్ ఫర్ ఎ మినిట్, ఐ విల్ చెక్" అని మేం ఫోన్‌లో అంటాం, అక్కడ విల్ అంటే దయచేసి ఆగగలరా అని, భవిష్యత్తు కాదు. "ఇఫ్ యు వుడ్ హ్యావ్ టోల్డ్ మీ" అని అమెరికా వాళ్ల నోట వినబడుతుంది, మీరు మెయిల్లో రాయకండి, హ్యాడ్ టోల్డ్ అనే రాయండి. అది కూడా క్లయింట్‌కి వద్దు, "ముందే చెప్పి ఉంటే" అని దెప్పినట్టు ఉంటుంది.

చింతచిగురు:
ఒక చిన్న జాగ్రత్త చెప్తాను. తే కనబడగానే ఇఫ్ పెట్టేస్తే దెబ్బ తింటాం. "నాన్న వస్తే చెప్తాను" అన్నప్పుడు నాన్న రావడం ఖాయమైతే ఇంగ్లిష్‌లో వెన్, వస్తారో రారో తెలియకపోతేనే ఇఫ్. తెలుగులో తే రెండింటినీ మోస్తుంది.

అన్‌లెస్ దగ్గర నేను చాలాకాలం తప్పు రాశాను, "యు కాంట్ లాగిన్ అన్‌లెస్ యు డోంట్ ఎంటర్ ద ఓటీపీ" అని. మా అక్క సరిదిద్దింది. అన్‌లెస్ అంటే 'కొట్టకపోతే' అని కాదట, 'కొడితే తప్ప' అట. ఓటీపీ కొడితే తప్ప లాగిన్ అవ్వదు. 'తప్ప'లోనే లేదు అన్న అర్థం ఉంది కాబట్టి ఇంకో డోంట్ అక్కర్లేదు. ఆ రోజు నుంచి మళ్లీ తప్పు రాయలేదు.

పాలపిట్ట22:
అందరికీ చాలా థాంక్స్ అండి. 'చేసేదాన్ని' చదివాక కాసేపు నేనే పైకి అనుకుంటూ కూర్చున్నాను, ఇన్నేళ్లు నోట్లో ఉన్న మాటే కదా అని. మాస్టారూ, ఈ వాక్యం నేనే కట్టాను, ఏ గడిలో వస్తుందో చూడలేదు. "ఇఫ్ ఐ హ్యాడ్ లర్న్‌డ్ ఇట్ దిస్ వే ఇన్ స్కూల్, ఐ వుడ్ నాట్ బి అఫ్రెయిడ్ నౌ." కరెక్టేనా?

పలకాబలపం:
కరెక్ట్ అమ్మా. మొదటి సగం అప్పటిది, రెండో సగం ఇప్పటిది, "నేర్చుకుని ఉంటే ఇప్పుడు భయపడేదాన్ని కాదు". మీ టేబుల్లోని నాలుగు గడుల్లో ఇది లేదు.