‘1: నేనొక్కడినే’ పోయింది నిడివి వల్లా, రాత వల్లా? తేల్చండి

బరంపురం_బాల్కనీ
టీవీలో వేసిన ప్రతిసారీ "క్లాసిక్కే గానీ మన జనానికి ఎక్కలేదు" అని గ్రూపులో మొదలెడతారు. కొత్తవాళ్ల కోసం వివరాలు: 2014 జనవరి 10న విడుదల. హీరో మహేష్ బాబు, దర్శకుడు సుకుమార్. కృతి సనన్‌కి తెలుగులో అదే మొదటిది. రమారమి 2 గంటల 50 నిమిషాలు. వచ్చిన కొద్దిరోజులకే ఓ ఇరవై నిమిషాలు కోసేశారు.

ఎక్కకపోవడం కాదండీ. ఫస్టాఫ్‌లోనే ప్రేక్షకుడి నమ్మకాన్ని వాడేసుకున్నారు. లేని మనుషులు ఉన్నట్టు భ్రమపడే హీరో, ఎవర్నో చంపేశానని లొంగిపోతాడు. తీరా వీడియో చూస్తే ఎదురుగా ఎవరూ లేరు, ఒక్కడే గాల్లో కలబడుతున్నాడు. బ్రహ్మాండమైన సీను. కానీ ఆ కిటుకు ఒక్కసారికే పనిచేస్తుంది. ఆ తర్వాత ఎవడు కత్తి తీసినా హాల్లో వాడు "ఇదీ భ్రమేలే" అని వెనక్కి వాలతాడు. భయం పోయాక అది థ్రిల్లరేటి?

పర్లాకిమిడి_ఆపరేటర్
రాత సంగతి మీరు చూసుకోండి గురూ, నేను గడియారం చూపిస్తా. పదకొండు గంటల ఆట. 170 నిమిషాల బొమ్మ, పావుగంట ఇంటర్వెల్, అయిదు నిమిషాల యాడ్లు. రెండుంబావుకి మ్యాట్నీ వెయ్యాలంటే చేతిలో మిగిలేది అయిదు నిమిషాలు. అందులో హాలు ఖాళీ చెయ్యాలి, ఊడవాలి, స్టాండులో బళ్లు తియ్యాలి. సంక్రాంతికి ఏ హాల్లో అవుతుంది ఈ పని? మధ్యాహ్నానికే పావుగంట లేటు. సెకండ్ షో వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది. పాతపట్నం వాళ్లంటే దగ్గర, ఎలాగో పోతారు. గుణుపురం వైపు వెళ్లేవాళ్లకి ఆ వేళ బస్సేదీ? పండగ మూడు రోజుల్లో సెకండ్ షో పడిపోయిందంటే సగం అక్కడే పోయినట్టు.

రాయగడ_రీలు
అయితే కోశారుగా అన్నా. బాగుపడాలి కదా మరి?

పర్లాకిమిడి_ఆపరేటర్
కొయ్యడం అంత తేలికనుకుంటున్నావా? రీళ్ల రోజుల్లో కత్తెర, టేపు ఉంటే పనైపోయేది. డిజిటల్లో పద్ధతి వేరు. బొమ్మ ఫైళ్లు అలాగే ఉంచి, ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము దాకా ఆడాలో చెప్పే కొత్త ప్లేలిస్టు పంపొచ్చు. దాన్నే సీపీఎల్ అంటారు. సెకనుకి 24 ఫ్రేములు, ఇరవై నిమిషాలంటే 28,800 ఫ్రేములు. చిక్కేటంటే, బొమ్మ ఆడించడానికి హాలుకి పంపే డిజిటల్ తాళం, కేడీఎం అంటారు, అది పాత సీపీఎల్‌కే ముడిపడి ఉంటుంది. కొత్త తాళం రాకపోతే సర్వర్ పాత నిడివే ఆడిస్తుంది. కత్తిరింపు విడుదల తర్వాతది గనక, 2024 దాకా అమల్లో ఉన్న 1983 నాటి సర్టిఫికేషన్ రూల్స్‌లో 33వ రూలు ప్రకారం సెన్సారు వాళ్లకీ చెప్పుకోవాల్సి వచ్చేది.

దీనికన్నా పెద్ద చిక్కు సౌండు. ఫైనల్ మిక్స్‌లో మాట, నేపథ్య సంగీతం, చప్పుళ్లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మాట దగ్గర కోస్తే సంగీతం గెంతుతుంది. కామెడీ సీనయితే ఎవడూ పట్టించుకోడు. థ్రిల్లర్లో రెండు మూడు నిమిషాలు మెల్లగా పెరుగుతూ వచ్చే సంగీతాన్ని మధ్యలో తుంచితే ఉత్కంఠ మొత్తం చప్పబడుతుంది. సరిచెయ్యాలంటే మళ్లీ మిక్సింగు, మళ్లీ సౌండు ఫైలు. పండగలో అంత తీరిక ఎవరికి?

బరంపురం_బాల్కనీ
మీరు చెప్పింది నా మాటకే బలం. ముందు వేసిన ఆనవాలు కోతలో పోయి, దాని జవాబు మాత్రం సెకండాఫ్‌లో మిగిలిపోతే, అర్థం కానిది ఇంకా అర్థం కాదు. ఇలాంటి కోత ఎడిటింగ్ టేబుల్ మీద జరగాలి, విడుదలయ్యాక కాదు.

గుణుపురం_గల్లాపెట్టె
ఇద్దరూ డబ్బు సంగతి వదిలేశారు. స్టార్ బొమ్మని కొనేది స్టార్ రేటుకి, కథ రేటుకి కాదు. మామూలు అడ్వాన్సు మీద తీసుకుంటే, తక్కువ పడినప్పుడు నిర్మాతని అడగొచ్చు. ఎన్నార్‌ఏ, అంటే తిరిగివ్వని అడ్వాన్సు మీద అయితే నష్టం కొన్నవాడిదే. ఊరికే లెక్క కోసం ఒక ఏరియా 4 కోట్లకి కొన్నారనుకోండి. పన్ను, హాలు అద్దె పోగా చేతికొచ్చేదే షేరు. 4 కోట్ల షేరు రావాలంటే గ్రాసు, అంటే టికెట్ల మొత్తం వసూలు, ఏడు కోట్లయినా దాటాలి.

ఆ సొమ్ము ఎక్కడ్నుంచి వస్తుంది? ఫ్యాన్సు రెండోసారి, మూడోసారి చూడాలి. పండగ వెళ్లాక ఇంటిల్లిపాదీ రావాలి. థ్రిల్లర్‌కి ఈ రెండూ కుదరవు. గుట్టు మొదటి రోజు మ్యాట్నీకే బజార్న పడుతుంది. దానికి తోడు 12వ తారీఖున ‘ఎవడు’ దిగింది. పక్క హాల్లో మామూలు మాస్ బొమ్మ ఆడుతుంటే, బుర్రకి పని పెట్టేదానికి పిల్లల్ని వెంటేసుకుని ఎవరొస్తారు? ఇదే కథని చిన్న హీరోతో, నాలుగోవంతు ఖర్చులో తీసుంటే ఇదే రాతతో గట్టెక్కేది.

రాయగడ_రీలు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. అమెరికాలో బాగానే ఆడింది. అక్కడా అదే కథ, అదే గుట్టు.

గుణుపురం_గల్లాపెట్టె
అక్కడ టికెట్టు రేటు వేరు, ఒకసారి చూసి పోయే జనంతోనే సరిపోతుంది. బరంపురంలో సరిపోదు.

రాయగడ_రీలు
సరే, రాత దగ్గరికే వద్దాం. నాకు భ్రమల కన్నా ప్రేమకథే లోపంగా కనిపిస్తుంది. జర్నలిస్టు సమీర హీరో వెనక పడేది మొదట వార్త కోసం. తన కళ్లని తనే నమ్మలేని మనిషి ఈ అమ్మాయిని ఎప్పుడు నమ్మాడు? ఆ ఒక్క మలుపు మీదే ప్రేమా నిలబడాలి, థ్రిల్లరూ నిలబడాలి. అలాంటి చోట సీనుకి బదులు పాట వచ్చేస్తుంది. పాట అయ్యేసరికి ఇద్దరూ ప్రేమలో ఉంటారు! స్టార్ సినిమాకి పాటలు తప్పవు, ఒప్పుకుంటా. కానీ పాట ఎక్కడ వెయ్యాలో తెలియాలి. ప్రమాదం తీరి ఊపిరి పీల్చుకునే చోట వేస్తే విశ్రాంతి, ప్రమాదం నడుస్తుండగా వేస్తే సిగరెట్ బ్రేకు. లండన్‌లో హీరో తన పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూంటే ‘లండన్ బాబు’ ఐటెం ఏటండీ? పాట అయ్యాక వెతుకులాటని మళ్లీ మొదట్నుంచి వేడెక్కించాలి, దానికి ఇంకో పది నిమిషాలు. నిడివి పెరిగింది అందుకే. ఇరవై నిమిషాలు సీన్లలోంచి కాకుండా పాటల్లోంచి తీసుంటే ఆపరేటర్ గారి గడియారం బాధా తీరేది, సంగీతమూ గెంతేది కాదు.

పర్లాకిమిడి_ఆపరేటర్
పాట తీసేస్తే ఫ్యాన్సు స్క్రీను చింపేస్తారు. అది ఎవరు కట్టాలి?

బరంపురం_బాల్కనీ
చివరికి వచ్చే వరి వంగడం సంగతి ఎవరూ ఎత్తలేదు. హీరో తల్లిదండ్రుల హత్యకి అసలు కారణం అదీ అని ఆఖర్న తెలుస్తుంది. గంజాం వాళ్లకి వరి విలువ ఎవరూ చెప్పక్కర్లేదు, అయినా అక్కడ గుండె కొట్టుకోదు. ఎందుకంటే అప్పటిదాకా వరి ఊసే పట్టనివ్వలేదు. విలన్‌కి ఏం కావాలో ప్రేక్షకుడికి సగంలోనే తెలిసి, హీరోకి తెలియకుండా ఉంటే, భ్రమలు ఎన్నిసార్లు వచ్చినా భయం ఉండేది. ఫస్టాఫ్‌లో విలన్ మనిషి ఒకడు వరి కంకి చేతిలో పట్టుకుని చూసే షాటు ఒక్కటి చాలు, అయిదు సెకన్లు. దానికి బడ్జెట్టూ అక్కర్లేదు, లండనూ అక్కర్లేదు.

గుణుపురం_గల్లాపెట్టె
ఆ షాటు పెడితే షేరు ఎంత పెరిగేదో కూడా చెప్పండి మేష్టారూ, రాసుకుంటాను.