చేతి డబ్బు కట్టి 'జీరో' చూపించమంటున్నాడు మేనేజర్: ఓర్చుకోవాలా, రాసి పెట్టాలా?

అనంతపురం ఫీల్డ్ స్టాఫ్:
మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, మూడేళ్లయింది. కంపెనీ పేరు దయచేసి అడగొద్దు. నా బాధ మా బ్రాంచ్ మేనేజర్‌తో. తిడతాడు, అది అలవాటైపోయింది. రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ పెట్టి, ఒక్కొక్కరినీ లేపి "నీ సెంటర్లలో (లోన్ తీసుకున్నవాళ్ల గుంపుల్లో) ఓడీ (గడువు దాటిన బాకీ) ఎంతుందో చదువు" అని అందరి ముందూ చదివిస్తాడు. అదీ భరించాను. ఆరేడు నెలల నుంచి కొత్తది మొదలైంది. కంతు కట్టని వాళ్ల డబ్బు మేమే కట్టి సాయంత్రానికి జీరో చేయాలి. "నువ్వు రేపు వసూలు చేసుకో, ఈరోజు మాత్రం నా బ్రాంచ్‌లో ఓడీ కనపడకూడదు" అంటాడు.

పోయిన నెల కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక ఊళ్లో సెంటర్ మీటింగ్. పద్నాలుగు మందిలో ముగ్గురు రాలేదు. ఒకామె ఇంటికి పోయాను. అరుగు మీద గోతం పరుచుకుని శెనక్కాయలు వొలుస్తోంది. సొంత పంట కాదు, కూలికి వొలిచేవి. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది. "శుక్రవారం కూలి ఇస్తారు నాయనా, అప్పుడు కడతా" అంది. ఆమె అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. కానీ మేనేజర్‌కు శుక్రవారం పనికిరాదు. ఊరి బయట పెట్రోల్ బంకు పక్కన బండి ఆపి, నా ఫోన్ నుంచి ముగ్గురివీ కట్టేశాను. ఒక్కొక్కటి 1,120, మొత్తం 3,360 రూపాయలు. ఆమె శుక్రవారం మాట నిలబెట్టుకుంది. మిగతా ఇద్దరూ బెంగళూరుకు పనికి వెళ్లిపోయారు, ఫోన్లు ఎత్తడం లేదు. ఇలా బయట ఇరుక్కున్న నా డబ్బు 23 వేలు దాటింది. జీతం 17 వేలు.

నాన్న "ఇంకోటి దొరికే దాకా నోరు మెదపొద్దు" అంటున్నాడు. రూమ్మేట్ "హెచ్ఆర్‌కు మెయిల్ కొట్టు" అంటున్నాడు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

కడప రిటైర్డ్ బ్యాంకర్:
నాయనా, 31 ఏళ్లు బ్యాంకులో చేశాను, అందులో పదకొండేళ్లు మేనేజర్‌గా. ముందు మీ మేనేజర్ వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వు. కంతు 90 రోజులు దాటితే ఆ ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ కింద పడుతుంది. మార్చి 31 దగ్గర పడేకొద్దీ మేనేజర్‌కు పైనుంచి గంటకో ఫోన్. వాళ్లకు ఆ పైనుంచి ఇంకొకటి. నేనూ అరిచాను. మా క్లర్క్ కూతురి పుట్టినరోజు నాడు అతన్ని రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టాను, రేపు చేసినా సరిపోయే పనికి. ఈరోజుకీ ఏడు రోడ్ల దగ్గర అతను ఎదురైతే ముందు నాకే ఆ రాత్రి గుర్తొస్తుంది.

అందుకని నా సలహా: మెయిల్ పెట్టొద్దు. పొద్దున్నే, ఎవరూ రాకముందు వెళ్లి ఒంటరిగా మాట్లాడు. "సార్, నా దగ్గర ఇక డబ్బు లేదు" అని చెప్పు. పైకి పోయిన ఫిర్యాదు తిరిగి అదే మేనేజర్ టేబుల్ మీదికే వస్తుంది, అప్పుడు అతను ఇక నీ మాట వినడు. కానీ చేతి డబ్బు మాత్రం ఈరోజే ఆపు. అందులో రెండో మాట లేదు.

ఆదోని అక్క:
సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే కాదంటున్నాను. ఒంటరిగా మాట్లాడిన మాటకు సాక్ష్యం ఎవరు? నేను బంగారు లోన్ల బ్రాంచ్‌లో చేశాను. గడువు తీరిన లోన్‌ను కొత్త లోన్ తెరిచి మూసేయమనేవాడు మా మేనేజర్. కస్టమర్ వడ్డీ కూడా పూర్తిగా కట్టి ఉండరు, కాగితం మీద మాత్రం అంతా కొత్తది. మీరు చెప్పినట్టే ఒంటరిగా వెళ్లి చెప్పాను. తలూపాడు. వారానికే నన్ను కౌంటర్ నుంచి తీసేసి రికార్డు రూములో పడేశాడు. అప్పుడు అతనికే మెయిల్ రాసి పెట్టాను, "మీరు చెప్పినందుకు ఈ మూడు లోన్లు ఇలా చేశాను" అని. రెండు నెలలు ఇన్సెంటివ్ పోయింది. తర్వాత ఆడిట్ వచ్చింది. ఆడిటర్ అడిగింది ఒక్కటే, "ఇది ఎవరి ఐడీతో జరిగింది?" నా ఐడీతోనే. ఆ మెయిల్ లేకపోతే ఈరోజు ఇక్కడ ఇంత ధైర్యంగా రాసేదాన్ని కాదు.

బంగారు లోన్లను ఇలా పొడిగించడం లాంటి పద్ధతులను తప్పుబడుతూ 2024 సెప్టెంబర్ 30న ఆర్‌బీఐ సర్క్యులరే ఇచ్చింది. మేనేజర్ కోపం వేరు, మన పేరు మీద తప్పుడు ఎంట్రీ పడటం వేరు. తమ్ముడూ, నీది రెండోది.

ఇంకొకటి, ఇది నన్ను ఎక్కువ బాధ పెట్టింది. నువ్వు ఆమె కంతు కట్టావు కదా, ఆమె రికార్డులో సక్రమంగా కట్టినట్టే పడుతుంది. రేపు ఆ రికార్డు చూసి ఇంకో కంపెనీ ఇంకో లోన్ ఇస్తుంది. ఒక ఇంటి కంతులన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదని నిబంధన పెట్టింది ఆమెలాంటి వాళ్ల కోసమే. ఆమెకు ఈ నెల కష్టంగా ఉందన్న సంగతి ఎవరికైనా తెలియాలి కదా. నీ 1,120 దాన్ని కప్పేసింది.

బెంగళూరు, పుట్టింది గుత్తి:
నేనూ ఇలాగే ఉండి వదిలేశాను. మానెయ్ బ్రో. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

కర్నూలు కలెక్షన్స్:
మానెయ్ అనడం తేలిక. మా నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్, నెల జీతం ఒక్కటి ఆగినా మా ఇల్లు ఆగిపోతుంది. మెయిల్ పెట్టినవాడే మగాడు, ఓర్చుకున్నవాడు పిరికివాడు అన్నట్టు మాట్లాడొద్దని అందరికీ నా మనవి. నేను నాలుగేళ్లుగా ఓర్చుకుంటున్నాను, సిగ్గుపడటం లేదు.

కానీ అన్నా, ఓర్చుకుంటూనే చేయాల్సినవి ఉన్నాయి. నీ ఖాతా నుంచి పోయిన ప్రతి రూపాయి స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లో పెట్టుకో. "జీరో చెయ్" అన్న వాట్సాప్ మెసేజ్‌లు చెరపొద్దు. మైక్రోఫైనాన్స్ మీద ఆర్‌బీఐ 2022 మార్చిలో ఇచ్చిన నిబంధనలు ఒకసారి చదువు, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత కస్టమర్‌కు ఫోన్ చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి పోవాలి. ఆమె రానిది ఆ ఒక్కసారేనా? అయితే నువ్వు ఆ అరుగు దగ్గరికి పోవడమే నిబంధనకు విరుద్ధం. నిన్ను తప్పు పట్టడానికి చెప్పడం లేదు, నేనూ పోయినవాణ్ణే. మేనేజర్ "ఇంటికి పోయి కూర్చో" అన్నప్పుడు "సార్, రూల్ ఇలా ఉంది" అని మెల్లగా అనడానికి ఇది చేతిలో ఉంటుంది. మనం ఎదిరించినట్టు ఉండదు, రూల్ అడ్డమొచ్చినట్టు ఉంటుంది.

రాత్రి కాల్ తర్వాత నిద్ర పట్టకపోతే 14416కు చెయ్. టెలి మానస్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను.

అనంతపురం ఫీల్డ్ స్టాఫ్:
అక్కా, రికార్డు సంగతి నాకు ఇప్పటిదాకా తట్టలేదు. ఆమెకు సాయం చేశాననే అనుకున్నాను. కర్నూలు అన్నా, అవును, ఆమె రానిది ఆ ఒక్కసారే.

మెయిల్ రాశాను, ఇంకా పంపలేదు. "సార్, మీరు నా చేత నా సొంత డబ్బు కట్టిస్తున్నారు. ఇది అన్యాయం. దీనిపై చర్య తీసుకోవాలని హెచ్ఆర్‌ను కోరుతున్నాను."

కడప రిటైర్డ్ బ్యాంకర్:
ఒంటరిగా మాట్లాడమన్నది ఇప్పటికీ నా మాటే. ఆదోని అమ్మకు జరిగింది చదివాక ఒక్క మెట్టు దిగుతున్నాను: మాట్లాడిన సాయంత్రమే రాసి పెట్టు. కానీ ఇలా కాదు. అన్యాయం, చర్య అన్న మాటలు తీసెయ్, హెచ్ఆర్‌కు ఇప్పుడే పంపొద్దు. మేనేజర్‌కే రాయి: "సార్, పొద్దున మనం మాట్లాడుకున్న విషయం. ఫలానా తారీఖున మీరు చెప్పినందుకు ముగ్గురి కంతులు 3,360 రూపాయలు నా ఖాతా నుంచి కట్టాను. ఆ మొత్తం నాకు ఎలా తిరిగి వస్తుందో తెలుపగలరు." తారీఖు, మొత్తం, ఎవరు చెప్పారు. ఈ మూడూ ఉంటే దానికి జవాబు ఇవ్వడం అతనికే కష్టం.

ఆదోని అక్క:
హెచ్ఆర్‌కు కాపీ పెట్టమనే నేనంటాను. మేనేజర్ ఒక్కడికే పోతే అది అక్కడే ఆగుతుంది.

కర్నూలు కలెక్షన్స్:
జీతం పడ్డాక పంపు.

అనంతపురం ఫీల్డ్ స్టాఫ్:
సార్ చెప్పినట్టు మార్చాను. కాపీ సంగతి ఇంకా తేల్చుకోలేదు. సోమవారం అదే ఊళ్లో మళ్లీ మీటింగ్. ఎవరు రాకపోయినా డిమాండ్ షీట్‌లో (ఆరోజు ఎవరెంత కట్టాలో ఉండే కాగితంలో) వాళ్ల పేరు ఎదురుగా 'రాలేదు' అనే రాస్తాను. ఆ రాత్రి కాల్‌లో అదే చదువుతాను.