లారా బుష్ జీవితాన్ని నవల చేయడం సబబేనా?

పుస్తకాల అర: ఈ నెల మా గుంపులో కర్టిస్ సిట్టెన్‌ఫెల్డ్ రాసిన 'అమెరికన్ వైఫ్' చదివాం. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ భార్య లారా బుష్ జీవితం ఆధారంగా అల్లిన నవల. 2008లో, బుష్ ఇంకా వైట్‌హౌస్‌లో ఉండగానే వచ్చింది. టెక్సాస్ కాస్తా విస్కాన్సిన్ అయింది, లారా ఆలిస్ అయింది. లైబ్రేరియన్ ఉద్యోగం మాత్రం మారలేదు. చదివినవాళ్లం రెండు జట్లుగా విడిపోయాం. మీరేమంటారు?

కాఫీ కప్పు: నాకు తప్పేం కనిపించలేదండీ. ఒక ఫస్ట్ లేడీ జీవితం నుంచి స్ఫూర్తి పొందిన కల్పన అని పుస్తకంలోనే చెప్పేశారు. వెక్కిరింత కూడా లేదు. బుష్ అంటే పడని నాకే ఆలిస్ మీద జాలేసింది.

వానాకాలం: మీకు జాలేసింది సరే. 1963 నవంబరులో, టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో, 17 ఏళ్ల లారా స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వెళ్లి ఇంకో కారును గుద్దింది. అందులో ఉన్న తోటి విద్యార్థి చనిపోయాడు. ఇది నిజంగా జరిగింది. నవలలో ఆ తర్వాత చనిపోయిన అబ్బాయి అన్నతో సంబంధం, గర్భం, అబార్షన్. ఇవన్నీ కల్పన. పుస్తకం ముగించిన వారానికి మా మరదలితో మాట్లాడుతూ "పాపం లారా, ఆ వయసులో అబార్షన్ కూడా" అనేశాను! అన్నాక నాలుక కరుచుకున్నా. పేరు మార్చినంత మాత్రాన సరిపోతుందా?

కాఫీ కప్పు: మీ పొరపాటుకి రచయిత్రి ఏం చేస్తుందండీ? అబార్షన్‌కి వ్యతిరేకమైన పార్టీ నాయకుడి భార్య అలాంటి రహస్యం దాచుకుని కాపురం చేయడమే నవలకి ఆయువుపట్టు. అది తీసేస్తే మిగిలేది పేపర్ వార్తే. అయినా యాక్సిడెంట్ గురించి లారాయే తన ఆత్మకథలో వివరంగా రాసుకుంది కదా.

వానాకాలం: రాసుకుంది, 2010లో. అంటే నవల వచ్చిన రెండేళ్లకి. ఆ మనిషి తన కథ వివరంగా చెప్పుకోకముందే ఇంకొకరు ఆమె స్థానంలో కూర్చుని "నేను" అంటూ చెప్పేశారు. ఈ నవల మొత్తం ఆలిస్ గొంతుతోనే నడుస్తుంది, గమనించారా? నాకు గుచ్చుకున్నది అదే. భర్త మీద ఎన్ని నవలలైనా రాసుకోనివ్వండి, ఓట్లడిగింది ఆయన.

కాఫీ కప్పు: పక్కన నిలబడి ప్రచారం చేసిందిగా ఈవిడ! కానీ ఆ "నేను" సంగతి... అది ఆలోచించాల్సిందే, ఒప్పుకుంటా.

పుస్తకాల అర: అయితే వచ్చే నెల ఆత్మకథ చదువుదాం. వానాకాలం గారూ, ఇంతకీ అది కల్పన అని మీ మరదలికి చెప్పారా?

వానాకాలం: చెప్పానండీ. "నిప్పు లేనిదే పొగ రాదులే వదినా" అంది.